పొరుగుసీమయు మన దీపమును

గ్రామసీమల కార్యక్రమమునకై రైతుల మాటలను ధ్వనిముద్రణము చేసికొనుటకు మేము ఒక మార్గశిరమాసమున జగ్గయ్యపేట ప్రాంతమునకు పోయితిమి. ముక్త్యాల వద్ద కృష్ణ ఒడ్డునకు చేరునప్పటికి ప్రొద్దు వాలుచున్నది. గట్టువెంబడి మోటారులు వరుసగా నున్నవి. వాని గొట్టములు ఏటిలోనికి దిగియున్నవి. అందొక గొట్టము చివర మాత్రము నీటికి రెండు బారల దూరమున బురదలో పడియున్నది. మిరపతోటకు తడి పెట్టవచ్చిన రైతొకడు దాని ప్రక్కనే కూర్చుండి చుట్ట కాల్చుకొనుచుండెను.

"మోటారు పాడైనదా?" అని అడిగితిమి.

"మోటారు బాగానే ఉందండి. కరెంటూ ఉంది. ఏరే లేదు," అని అతడనెను. "పైన పులిచింతల్లో మిషన్లు తిప్పితే ఏరు ఇక్కడిదాకా వచ్చిద్ది. ఆపితే ఎనక్కి పోద్ది. ఎప్పుడు తిప్పేదీ ఎప్పుడు ఆపేదీ మాకు చెప్పేవాళ్ళెవరండీ?"

మా వద్ద సమాధానము లేకపోయినది. ఈనాటి ప్రసంగమునకు ఆ ప్రశ్నయే మూలము.

ఇంధన భద్రత యను మాట నేడు వార్తలలో తరచు వినవచ్చుచున్నది. దీపము వెలుగవలసిన వేళ వెలుగుట, మోటారు తిరుగవలసిన వేళ తిరుగుట, పొయ్యి మండవలసిన వేళ మండుట, అవి మన శక్తికి తగిన ధరకు లభించుట, అన్నిటికంటె ముఖ్యముగా అవి పరుల చిత్తవృత్తిపై ఆధారపడకుండుట అని దాని తాత్పర్యము. బలముగల పొరుగు రాజ్యము చమురు గొట్టమును బిగించినప్పుడో, ఓడలు నడచు జలసంధి మూతపడినప్పుడో ఈ మాట పత్రికలకెక్కును. అది దూరదేశముల గొడవ యని మనము పుట త్రిప్పుదుము. కాని నందిగామ, జగ్గయ్యపేటల వారికి బలముగల పొరుగు దూరమున లేదు. గరికపాడు దాటినచో అదియే.

ఈ సరిహద్దు మెట్టవారికి క్రొత్తది కాదు. 1948 సెప్టెంబరు వరకు జగ్గయ్యపేటకు ఆవల నున్నది నిజముగా వేరొక రాజ్యమే. పైగా ఆ గీత తిన్ననిది కూడ కాదు. నందిగామ తాలూకాకు చెందిన మునగాల పరగణా నైజాము భూమి నడుమ దీవివలె నుండెడిది. నైజామునకు చెందిన పరిటాల ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా నడుమ మరొక దీవివలె నుండెడిది. 1956లో విశాలాంధ్రము ఏర్పడగానే ఆ గీత చెరిగిపోయినది. 2014 జూన్ 2న మరల వచ్చినది. ఆ తరువాత 2022లో జిల్లాల పునర్విభజనమున ఈ మెట్ట భాగము కృష్ణా జిల్లాను వీడి ఎన్.టి.ఆర్. జిల్లాయైనను, వాడుకలో మేమింకను కృష్ణా జిల్లా మెట్ట యనియే అనుచున్నాము.

ఆ నైజాము కాలముననే మన విషయమునకు తగిన ఉదాహరణ మొకటి కలదు. దక్షిణదేశపు బొగ్గు నైజాము ఏలుబడిలో, ఇల్లెందు, కొత్తగూడెము అడవులలో నుండెను. నైజాము రైలు 1889లో బెజవాడకు చేరినది. ఆ దారినే సింగరేణి బొగ్గు కోస్తాకు దిగివచ్చుచుండెను. బొగ్గు విషయమున నైజాము బలవంతుడు. కాని అతని రాజ్యమునకు సముద్రము లేదు, రేవు లేదు, పెట్రోలు లేదు. 1948లో భారత ప్రభుత్వముతో వైరము ముదిరినప్పుడు, పెట్రోలు మొదలగు సరకులు సరిహద్దులో నిలిచిపోవుచున్నవనియు, తమను దిగ్బంధనము చేయుచున్నారనియు హైదరాబాదు ప్రభుత్వము మొరపెట్టెను. ఒక ఇంధనమున ఎగువ నున్నవాడు మరొక ఇంధనమున దిగువ నుండెను. రాజకీయముగా ఆ సంస్థానపు కథ వేరు; దానిలోనికి మేము పోవుట లేదు.

బొగ్గు నేటికిని అదే దారిని వచ్చుచున్నది. నందిగామ నుండి విజయవాడకు పోవువారికి ఇబ్రహీంపట్నము వద్ద పొగగొట్టములు కనబడును. 1979లో మొదటి యంత్రము తిరిగిన ఆ థర్మల్ కేంద్రమునకు నార్ల తాతారావు పేరు పెట్టబడినది. 2023 నాటికి దాని సామర్థ్యము 2,560 మెగావాట్లకు పెరిగినది. దానికి బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుండియు, సింగరేణి నుండియు రావలెను. కేంద్రము మనది, పొయ్యి మనది, కట్టెలు పొరుగింటివి. థర్మల్ కేంద్రపు బలమంతయు పెరటిలోని బొగ్గు కుప్పపై నుండును; ఆ కుప్ప కొలది దినముల గ్రాసమునకు దిగినచో ఇంజనీర్లకు నిద్ర పట్టదు. 2021 అక్టోబరులో దేశమంతట బొగ్గు కొరత వచ్చినప్పుడు అట్లే జరిగినది. 2022 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు విద్యుత్ సెలవు ప్రకటించి, ఎడతెగక నడుచు కర్మాగారములు సగము విద్యుత్తుతోనే సరిపెట్టుకొనవలెనని ఆంక్ష విధించిరి. సున్నపురాయిపై బ్రతుకు జగ్గయ్యపేట సిమెంటు సీమకు అట్టి ఆంక్ష యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రెండు మారులును పొరుగువారి పగ ఏమియు లేదు. దూరమునుండి వచ్చు ఇంధనముపై బ్రతుకువానికి పగ లేకున్నను కష్టము వచ్చును.

ఇక రాష్ట్రవిభజన మాట. ఇల్లు పంచుకొన్నప్పుడు గదులు పంచుకొనుట సులువు. బావి పంచుకొనుట కష్టము. 2014లో థర్మల్ కేంద్రముల విద్యుత్తును, అవి ఎక్కడ నున్నవో చూడక, అంతకుముందు ఐదేండ్ల వినియోగమును బట్టి తెలంగాణకు 53.89 శాతము, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతము చొప్పున పంచిరి. సింగరేణిలో ఉమ్మడి రాష్ట్రమునకు గల 51 శాతము వాటా తెలంగాణకు పోయినది. జలవిద్యుత్కేంద్రములు మాత్రము ఏ గట్టుననున్నవి ఆ గట్టువారికే చెందినవి. ఆనాడు కాగితముమీద ఇది సులువైన మార్గముగా తోచి యుండవచ్చును. నేటి తగవులలో సగము ఆ ఒక్క వాక్యము నుండి పుట్టినవి.

మొదటి ఏట ఇబ్బంది తెలంగాణకే కలిగినది. అక్కడ వినియోగము హెచ్చు, కేంద్రములు తక్కువ. ఆ జూన్ మాసముననే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాత విద్యుత్ కొనుగోలు ఒప్పందములను రద్దుచేయ బూనెను. ఆ సంవత్సరముననే పోలవరము ముంపు మండలములు ఖమ్మము జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌కు బదిలీయైనవి. వానితోబాటు మోతుగూడెములోని 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము కూడ వచ్చినది. అనగా ఆనాడు బలముగల పొరుగు మనమే! శ్రోతలలో కొందరికి ఈ మాట రుచింపకపోవచ్చును. కాని పొరుగువారిని గూర్చి మాటలాడునప్పుడు మనమును ఒకరికి పొరుగువారమే యని మరచుట న్యాయము కాదు.

తరువాత లెక్కల తగవు వచ్చినది. 2014 జూన్ నుండి 2017 జూన్ వరకు ఆంధ్రప్రదేశ్ జెన్‌కో తెలంగాణకు విద్యుత్తు సరఫరా చేసెను. బాకీ తీరలేదని చెప్పి సరఫరా నిలిపివేసెను. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము అసలు, ఆలస్యపు రుసుము కలిపి సుమారు 6,757 కోట్ల రూపాయలు తెలంగాణ చెల్లింపవలెనని ఉత్తరువు చేసెను. 2023 అక్టోబరులో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. మా వైపునుండి మీరే మాకు బాకీ అని తెలంగాణవారి వాదము. ఆ లెక్కలు తేల్చు శక్తి మాకు లేదు. మేము గమనించినది ఒక్కటే: విద్యుత్తు తీగపై క్షణములో పోవును, దాని పైకము ఏండ్ల తరబడి నడచును.

ఇక పులిచింతలకు వత్తుము. ముక్త్యాలకు ఎగువన, ప్రకాశము బరాజునకు సుమారు 85 కిలోమీటర్ల పైన, కృష్ణకు అడ్డముగా ఈ ఆనకట్ట కలదు. కృష్ణా జిల్లాలో పుట్టి, కేంద్రమున నీటిపారుదల, విద్యుత్ మంత్రిగా పనిచేసిన ఇంజనీరు డాక్టర్ కె.ఎల్. రావు పేరు దీనికి పెట్టబడినది. 2013 డిసెంబరులో ప్రారంభమైనది. దాదాపు 46 టి.ఎం.సి.ల నీరు పట్టును. కృష్ణా డెల్టాలో నాట్లు ఆలస్యము కాకుండ చూచుట దీని ముఖ్యోద్దేశము. కుడిగట్టు నేటి పల్నాడు జిల్లా. ఎడమగట్టు తెలంగాణలోని సూర్యాపేట జిల్లా. ఎడమగట్టున 30 మెగావాట్ల యంత్రములు నాలుగు గల విద్యుత్కేంద్రము కలదు. ఆనకట్ట ఆంధ్రప్రదేశ్‌ది, నీరు డెల్టాది, యంత్రములు తెలంగాణవి. జలాశయము క్రింద మునిగిన గ్రామములు మాత్రము రెండు గట్టులవియు కలవు.

జలవిద్యుత్తు మర్మము ఎరుగనిదే ఈ తగవు అర్థము కాదు. బొగ్గు కేంద్రము మెల్లగా వేడెక్కును. దానిని ఉన్నట్లుండి నడుపుట, ఆపుట కుదరదు. నీటి యంత్రము కొలది నిమిషములలో పూర్తి వేగము నందుకొనును. సాయంకాలము ఇండ్లలో దీపములన్నియు ఒక్కమారు వెలిగినప్పుడు తీగకు ఊపిరి పోయునది అదియే. కాని యంత్రమును త్రిప్పిన నీరు అక్కడ నిలువదు, దిగువకు పోవలసినదే. ఆ నీరే పొలము తడుపును, ఆ నీరే దీపము వెలిగించును. రెండింటికిని కాలము కలిసినచో ఎవరికిని నష్టము లేదు. కలియనిచో దీపము ఒకరిది, ఎండిన మడి మరొకరిది.

2021 జూన్ 28న తెలంగాణ ప్రభుత్వము తన జలవిద్యుత్కేంద్రములన్నిటిని పూర్తి సామర్థ్యముతో నడుపవలెనని ఉత్తరువు చేసెను. ఎత్తిపోతల పథకములకు తమకు విద్యుత్తు కావలెననియు, శ్రీశైలము మొదట రూపొందినదే జలవిద్యుత్ పథకముగాననియు వారి వాదము. అందు సత్యము లేకపోలేదు. అప్పటికి శ్రీశైలములో నీరు తక్కువగా నున్నదనియు, డెల్టాకు ఇంకను అవసరము రాలేదనియు, నీరు వృథాయగుననియు ఆంధ్రప్రదేశ్ వాదము. అందును సత్యము కలదు. జూలై మొదటి దినములలో శ్రీశైలము, నాగార్జునసాగరము, పులిచింతల ఆనకట్టలపై ఇరు రాష్ట్రముల పోలీసులు కాపలా నిలిచిరి. పులిచింతల యంత్రములను దాటి వచ్చిన నీరు ప్రకాశము బరాజు వద్ద నిలుపుటకు చోటు చాలక సముద్రమునకు పోయినది. బరాజు మీది బాట వెంబడి నిలిచి ఆ నీటిని చూచినవారిలో మేమును ఒకరము. నురుగుతో పోవుచున్న ఆ నీరు చూచుటకు ఎంతయో అందముగా నుండెను. అందముగా నుండుటయే ఆనాడు మాకు కష్టముగా తోచినది.

వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయినది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ. ఆయన స్వగ్రామము ఈ నందిగామ మెట్టలోని పొన్నవరమే. తాను రెండు రాష్ట్రములకును చెందినవాడననియు, మధ్యవర్తిత్వముతో సమాధానపడుట మేలనియు ఆగస్టు 2న ఆయన సూచించెను. ఆంధ్రప్రదేశ్ తీర్పునే కోరుటచే, ఆగస్టు 4న ఆయన ఆ వ్యాజ్యమును వేరొక ధర్మాసనమునకు పంపెను. మరునాడు, ఆగస్టు 5న, పులిచింతల 16వ గేటు వరద తాకిడికి కొట్టుకొనిపోయినది! తాత్కాలికముగా అడ్డుపలకలు దింపుటకు జలాశయమును ఖాళీ చేయక తప్పలేదు. ఏ నీటికై కాపలాలు, వ్యాజ్యములు నడచినవో ఆ నీరు ఎవరి ఉత్తరువునకును ఆగక ముక్త్యాల, వేదాద్రి రేవులను ఒరసికొనుచు పోయినది.

అదే సంవత్సరమున, జూలై 15న, కేంద్ర ప్రభుత్వము కృష్ణా, గోదావరి యాజమాన్య బోర్డుల అధికారపరిధిని నిర్ణయించుచు ప్రకటన వెలువరించెను. అక్టోబరు నాటికి కేంద్రములను బోర్డుకు అప్పగింపవలసి యుండెను. తెలంగాణ అప్పగించినచో మేమును అప్పగింతుమని ఆంధ్రప్రదేశ్ అనెను. తెలంగాణ తన విద్యుత్కేంద్రములను అప్పగింపలేదు. 2023 నవంబరు 30 తెల్లవారుజామున ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగరముపై సగము గేట్లను స్వాధీనపరచుకొని కుడికాలువకు నీరు వదలిరి. తరువాత కేంద్ర బలగములు కాపలాకు వచ్చినవి. ఆ ఆనకట్ట కట్టబడుటకై ఊరూర తిరిగి పాటుపడినవారు ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. దాని ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలు దాటి, చిట్టచివర నందిగామ, జగ్గయ్యపేట పొలములకు వచ్చును. చివరి భూమికి నీరు చేరుట ఎగువవారి దయపై నున్నదని మెట్టరైతులు అనుట మేము అనేక మారులు వింటిమి.

అయినను ఈ సాగరము వద్దనే మరొక విశేషము కలదు. అక్కడి ముఖ్య విద్యుత్కేంద్రములో ఏడు యంత్రములు త్రిప్పి నడుపదగినవి. పగటి సౌరవిద్యుత్తు మిగిలినప్పుడు దిగువ నీటిని మరల పైకి తోడి, సాయంకాలము విద్యుత్తు తీయుటకు అవి పనికివచ్చును. ఆ యంత్రములు తెలంగాణవి. తోడుటకు క్రింద నీరు నిలుపవలసిన సత్రశాల ఆనకట్టను కట్టినది ఆంధ్రప్రదేశ్ జెన్‌కో. ఒకరి యంత్రమునకు మరొకరి మడుగు కావలెను. సూర్యరశ్మి నుండి విద్యుత్తు హెచ్చిన కొలది ఈ అక్కర హెచ్చునేగాని తగ్గదు. ఎవరు ఎగువయో ఎవరు దిగువయో ఇక్కడ చెప్పుడు!

పొరుగుతో పంపకము అసాధ్యమని కొందరందురు. మేము ఒప్పుకొనము. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడునప్పుడు, ఆ చట్టమునే ఆధారముగా తుంగభద్ర బోర్డు పుట్టినది. ఆనకట్ట నేటి కర్ణాటకలో నున్నది. అయినను ఉమ్మడి కేంద్రముల విద్యుత్తులో ఆంధ్రమునకు 80 పాళ్ళు, కర్ణాటకకు 20 పాళ్ళు అను వాటా ఏర్పడినది. గేట్లమీద ఉండు చేయి ఇరువురిలో ఒకరిది కాదు, బోర్డుది. అట్లే మాచ్‌ఖండ్: ఒడిశా సరిహద్దున, మదరాసు, ఒరిస్సా ప్రభుత్వముల ఒడంబడికతో ఆరంభమై, 1955లో విద్యుత్తు నిచ్చినది. వాటాలపై మాటలు, సవరణలు వచ్చినను దీపము మాత్రము ఆరలేదు. విభజన నాటి చట్టములో కృష్ణకు బోర్డు లేకపోలేదు. పేరు కలదు, కార్యాలయము కలదు, మీట చేతిలో లేదు. 1953లో చేసిన పని 2014లో సగముననే నిలిచినది.

దేశముల మధ్యనైనను కథ ఇట్లే నడచుచున్నది. 2015లో నేపాళ సరిహద్దున లారీలు నెలల తరబడి నిలిచిపోయినప్పుడు ఖాట్మండు నగరవాసులు గ్యాసు లేక కట్టెల పొయ్యి వెలిగించుకొనిరి. దిగ్బంధనము భారతదేశపు పని యని వారు, కాదు మీ సరిహద్దువాసుల అలజడి యని మనవారు వాదించిరి. ఆ నేపాళమే 2024 నవంబరులో తన జలవిద్యుత్తు 40 మెగావాట్లను భారతదేశపు తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు పంపెను. మూడు దేశములు సంతకములు చేయనిదే ఆ కొద్దిపాటి విద్యుత్తు కదలలేదు. వినువారికి 40 మెగావాట్లు అల్పముగా తోచును. పులిచింతలలో ఒక యంత్రమునకు కొంచెము హెచ్చు, అంతే. కాని సంతకములు మూడు.

మన దక్షిణదేశపు తీగలు 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురముల మీదుగా ఉత్తరదేశపు తీగలతో ఒక్కటైనవి. కోదాడలో దీపము వెలిగినను, జగ్గయ్యపేటలో మోటారు తిరిగినను ఒకే తాళమున కొట్టుకొనుచున్నవి. విద్యుత్తునకు గరికపాడు వద్ద తనిఖీ కేంద్రము లేదు. నీటికిని లేదు. తనిఖీ కేంద్రము మనుష్యులకును, లెక్కలకును మాత్రమే.

ముక్త్యాల రైతుతో మేము మాటలాడుచుండగనే చీకటి పడినది. ఆవలి గట్టున దీపములు వెలిగినవి. ఈవల ఊరిలోను వెలిగినవి. ధ్వనిముద్రణ యంత్రమును పెట్టెలో పెట్టుకొనుచుండగా అతడు లేచి, గొట్టము చివరి కప్పును చేతితో తడిమి చూచెను. ఇంకను పొడిగానే యున్నది. పైన యంత్రములు ఎప్పుడు తిరుగునో కనుక్కొనుటకు ఎవరికైన ఫోను చేయరాదా యని మేమడిగితిమి. ఆనకట్ట అవతలి మేళ్లచెర్వు ప్రాంతమున తన మేనల్లుడున్నాడనియు, వానిది కూడ మిరపతోటయే యనియు అతడు చెప్పెను.

"ఆడికీ తెలవదండీ. ఆడూ నాకు ఫోను చేసి ఇదే అడుగుతాడు," అని నవ్వి, మోటారు పెట్టెకు తాళము వేసికొని గట్టెక్కెను.